వకీలు, అమీను, తవక్కులు: ముస్లిము భక్తిపదములకు తెలుగున రూఢియు యోగమును

చెన్నేకొత్తపల్లి రైతు ధర్మవరముననో పెనుకొండలోనో వ్యాజ్యమాడవలసి వచ్చినప్పుడు వకీలును కుదుర్చుకొనును. వకాల్తునామాపై వ్రేలిముద్ర వేయును. పేరు పిలిచినప్పుడు హాజరగును. తీర్పు ప్రతికూలమైనచో అమీను వచ్చి సొత్తు జప్తు చేయును, బాకీ వసూలగును, రైతు తన హక్కు పోయెనని వగచును. ఇందు వకీలు, వకాల్తు, హాజరు, అమీను, జప్తు, బాకీ, వసూలు, హక్కు అను ఎనిమిది మాటలును అరబ్బీనుండి వచ్చినవే. వీనిలో నొక్కటియు ఆ రైతునకు పరభాషాపదముగ తోపదు. నిఘంటువు చూడవలసిన పని యంతకంటెను లేదు.

ఈ మాటలే సూఫీల గ్రంథములలో వేఱొక లోకమున సంచరించుచున్నవి. అచట హాజరునకు మూలమైన ధాతువు ప్రార్థనయందు హృదయము సన్నిహితమై యుండుటను చెప్పును. జప్తు ఆత్మనిగ్రహము. బాకీ యనునది సర్వమును నశింపగా మిగులు శాశ్వతవస్తువు. వసూలు సాధకుడు గమ్యమును చేరుట. హక్కు సాక్షాత్తు ఈశ్వరనామము, సత్యమని యర్థము, క్రీ. శ. 922లో బాగ్దాదున హల్లాజు ఉరికంబమెక్కుటకు లోకము చెప్పుకొను కారణము ఆ నామమును తనయందు ఆరోపించుకొనుటయే. అమీను నమ్మదగినవాడు, మహమ్మదు ప్రవక్తను ప్రవక్తృత్వమునకు బూర్వమే మక్కావాసులు పిలిచిన బిరుదమిది. వకీలు భగవంతుడు. ఒక్కొక్క ధాతువునుండి రెండేసి శాఖలు వెడలగా తెలుగువారికి దక్కినది కచేరిశాఖ మాత్రమే. మసీదుశాఖ గడప దాటి లోనికి రాలేదు.

శబ్దశాస్త్రమున దీనికి పేరు కలదు. అవయవార్థము నశించి సముదాయమునకు వ్యవహారమున నేర్పడిన యర్థము రూఢి. ప్రకృతిప్రత్యయముల వలన తేలునది యోగము. ప్రవీణశబ్దము వీణావాదననైపుణ్యమును విడిచి నేర్పరియందెల్ల రూఢమైనట్లు, వకీలుశబ్దము న్యాయవాదియందు రూఢమైనది. రూఢి బలవత్తరమని శాస్త్రకారులే యొప్పుకొందురు. అయినను యోగార్థమును తెలిసికొనుట నిరర్థకమని యెవ్వరును చెప్పలేదు. బడులలో ఈ మాటలను అన్యదేశ్యములని యొక ముక్కతో త్రోసివేయుట పరిపాటియైనది. అన్యదేశ్యమను పేరు పదముయొక్క జన్మదేశమును చెప్పునేకాని దాని కడుపులోని దానిని చెప్పదు.

ఇది వట్టి శబ్దవినోదమైనచో విడిచిపెట్టవచ్చును. కాని 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన యీ పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములలో దూదేకులవారు పెక్కురు కలరు. వారు ముస్లిములు, ఇంటిభాష తెలుగు. ఫక్కీరప్ప, బాబయ్య, హుసేనప్ప, కుళ్ళాయప్ప అను పేరులలో అరబ్బీపారసీకములు ముందును తెలుగుకన్నడముల వెనుకయు కూడియుండును. వారి నమాజు అరబ్బీలో జరుగును, దుఃఖము తెలుగున కలుగును. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తల్లి దేవునితో నేమాటలలో మొఱపెట్టుకొనును? ఈమాను, తవక్కులు, ఇఖ్లాసు అనునవి ఆమెకు వినికిడిమాటలు. వానికి సమముగ తెలుగున నిచ్చిన మాటలు ఎంతవఱకు మూలమునకు సరిపోవునను ప్రశ్న పండితులదే, ఎందుకనగా మాటలను తూచుట వారి వృత్తి.

ఇప్పటివఱకు రెండు మార్గములు కానవచ్చుచున్నవి. మొదటిది పిఠాపురపు ఉమర్ అలీషాగారిది (1885–1945). అరబ్బీపారసీకములును సంస్కృతాంధ్రములును ఎఱిగిన ఆ కవి ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీకమునుండియే తెలుగు చేసెను. అధ్యాత్మపీఠమునకు అధిపతియై, కేంద్రశాసనసభలో సభ్యుడునై యుండెను. ఆయన గ్రంథములలో నొకదానికి సూఫీవేదాంతదర్శమని పేరు. ఆ పేరే ఒక సిద్ధాంతము: సూఫీపదమును వేదాంతపదమును సమాసమున గూర్చి రెంటికిని ఒకే విషయమని సూచించుట. రెండవది అనువాదకుల మార్గము. కురానును తొలుత తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగుపండితులై యుండిరి. 1937లో వెలువడిన ఆంధ్రభాషాచరిత్రము వారిదే. ముస్లిము కాని పండితుడు, ఈ సీమలోనే యుండి, ఆ పనికి పూనుట సాహసము. వారి వెనుక కర్నూలు మౌల్వీ అబ్దుల్ గఫూరుగారును, పిదప మఱికొందఱును ఆ త్రోవనే నడచిరి. నేటి అనువాదములలో విశ్వాసి, అవిశ్వాసి, భయభక్తులు, సహనము మున్నగునవి పారిభాషికములుగ స్థిరపడినవి.

మొదటి మార్గమున పదము వెంటనే హృదయంగమమగును, కాని పాఠకుడు తనకు ముందే తెలిసినదానినే మరల చదువుకొనును. రెండవ మార్గమున భేదము నిలుచును, కాని మాట పలుచనగును. ఈ రెంటికిని నడుమ మూడవ త్రోవ లేకపోలేదు. అది కచేరిమాటల త్రోవ.

ముందుగా ఈమానును చూడవలయును. దీని ధాతువు అ-మ-న. భయరాహిత్యము, భద్రత అని యర్థము. ఈమాను ఇఫ్ఆలు అను ప్రక్రియకు చెందిన భావరూపము. ఆ ప్రక్రియ తఱచుగ మనలోని ణిజంతముతో, అనగా ప్రేరణార్థకముతో పోలును. కావున యోగార్థమున ఈమాననగా నిర్భయముగ జేయుట, భద్రపఱచుట. ఇస్లాము, ఇఖ్లాసు, ఇహ్సాను అను మూడు పదములును ఈ ప్రక్రియకు చెందినవే యగుట గమనింపదగినది. ఇవన్నియు ఉన్న స్థితిని కాక చేయు పనిని చెప్పును. దీనికి తెలుగున విశ్వాసమను మాట వాడబడుచున్నది. సంస్కృతమున వి-శ్వస్ అనగా ఊపిరి పీల్చుకొనుట, నిశ్చింతగ నుండుట. భయరాహిత్యముతో చక్కగ నతుకును. కాని తెలుగున విశ్వాసమునకు వేఱు వాసన పట్టినది. కుక్కకు విశ్వాసము కలదందుము. తిన్నయింటిని మఱవని గుణము అది. కృతజ్ఞత ఈమానులో లేకపోలేదు. కురానుభాషలో కుఫ్రు అనగా అవిశ్వాసమే కాక కృతఘ్నతయు నగును. అందుచేత ఈ వాసన దోషము కాదు, యాదృచ్ఛికముగ లభించిన లాభము. శ్రద్ధాశబ్దము మఱింత దగ్గఱిది. శ్రత్ అనగా సత్యము, దానియందు నిలుపుట శ్రద్ధ యని నైరుక్తులు. కాని తెలుగుబడిలో శ్రద్ధ పాఠము వినునప్పటి ఏకాగ్రతకు దిగిపోయినది. దానిని మరల నెత్తుట కష్టము.

అమానతు ఈ ధాతువుదే. తెలుగులెక్కలలో అమానతుపద్దు అనగా ఒకరిసొమ్ము మఱియొకరివద్ద నుంచిన పద్దు. కురాను ముప్పదిమూడవ అధ్యాయమున నొక దృశ్యము కలదు: భగవంతుడు ఒక నిక్షేపమును ఆకాశమునకును భూమికిని పర్వతములకును చూపగా అవి జంకి వలదన్నవి, మానవుడు దానిని మోసెను. ఆ నిక్షేపమునకు మూలమున గల పదము అమానతే. దీనిని న్యాసమనియో బాధ్యతయనియో తెలుగు చేసిన యర్థము తెలియును. అమానతని యుంచినచో షావుకారుపద్దు చూచిన ప్రతివానికిని ఒడలు జలదరించును. పరులసొమ్ము తనవద్ద నున్నదని తెలిసినవాడు నిద్రించు తీరు వేఱు.

ఇక తవక్కులు. భావచర్చలో దీనికి జరిగిన అన్యాయము మఱి దేనికిని జరుగలేదు. దీనిని కొందఱు దైవాధీనమనిరి, కొందఱు నిరీహత యనిరి, కొందఱు శరణాగతి యనిరి. వ-క-ల ధాతువునకు ఒకరికి పనిని అప్పగించుట యర్థము. అట్లప్పగింపబడినవాడు వకీలు. తవక్కులు తఫఅఉలు అను ప్రక్రియలోనిది. క్రియాఫలము కర్తనే చేరునట్టి అర్థములు దానియందు విరివి. ఆత్మనేపదమును వివరించునప్పుడు వైయాకరణులు చెప్పు కర్త్రభిప్రాయక్రియాఫలమను భావమునకు ఇది దూరపుచుట్టము. తాను తనకొఱకు ఒకని వకీలుగ చేసికొనుట తవక్కులు. కురాను మూడవ అధ్యాయమున భక్తులు భగవంతుని ఉత్తముడైన వకీలని కొనియాడిరి.

ఈ యోగార్థమును పట్టి విషయమును వివరించిన మహానుభావుడు తూసునగరపు గజాలీ (మరణము 1111). ధర్మశాస్త్రముల పునరుజ్జీవనమను తన బృహద్గ్రంథమున ఆయన తవక్కులునకు దృష్టాంతముగ నెత్తికొన్నది గుహలోని తపస్విని కాదు, న్యాయస్థానములోని కక్షిదారుని. వకీలునందు నాలుగు గుణములున్నవని రూఢిగ తెలిసినచో కక్షిదారు నిశ్చింతుడగును: వ్యవహారజ్ఞానము, శక్తి, వాక్పటిమ, తనయందు దయ. వీనిలో నొక్కటి కొఱతపడినను మనస్సు కుదుటపడదు. జ్ఞానమున్నను దయలేని వకీలు, దయయున్నను నోరులేని వకీలు ఎట్టివారో పెనుకొండ కచేరిచెట్టునీడన కూర్చున్నవారికి నేర్పనక్కఱలేదు. ఇది తొలిమెట్టు. రెండవమెట్టున సాధకుడు తల్లికడ శిశువువంటివాడు. వానికి వకీలును కుదుర్చుకొంటినను తలంపే యుండదు, భయము కలిగిన తల్లికొంగే పట్టును. మూడవమెట్టున శవమునకు స్నానము చేయించువాని చేతులలోని శవమువంటివాడు. ఈ కడపటి స్థితి యరుదనియు చిరకాలము నిలువదనియు గజాలీయే చెప్పెను. శ్రీవైష్ణవుల మార్జాలకిశోరన్యాయము రెండవమెట్టున కుదురును. మూడవదానికి అదియు చాలదు, పిల్లిపిల్లకు అఱపైన కలదు.

గజాలీ యుక్తిలో మిక్కిలి గట్టిది ఇంకొకటి. వకీలు కచేరికి రమ్మన్నప్పుడు పోకుండుటయు, దస్తావేజు తెమ్మన్నప్పుడు తేకుండుటయు వకీలునందలి నమ్మకము కాదు. అతడు చెప్పిన పని చేయుట నమ్మకములోని భాగము. అట్లే విత్తకయే పైరు కోరువానిని, ఎదుట అన్నముండియు చేయి చాపక కడుపు నిండుననువానిని ఆయన తవక్కులుగలవారని యనక పిచ్చివారనెను. ఒంటెను కట్టి దేవుని నమ్ముమని ప్రవక్త యుపదేశించినట్లు తిర్మిజీ సంగ్రహించిన హదీసు లోకప్రసిద్ధము. పక్షులు ఉదయమున ఆకటితో వెడలి సాయంకాలమున నిండుకడుపులతో మరలునను హదీసును గూర్చియు వ్యాఖ్యాతలు ఇదే యందురు: అవి గూటిలో కూర్చుండలేదు, వెడలినవి.

వర్షాధారపు చేలు గల యీ సీమకు ఈ భావము పుస్తకమునుండి రావలసినది కాదు. ముంగారువాన పదునుకై కనిపెట్టి, గొఱ్ఱు కట్టి, వేరుసెనగ విత్తనము భూమిలో వేసిన పిదప చెన్నేకొత్తపల్లి రైతు చేయగలిగినది కొంచెమే. కలుపు తీయును, ఆకాశము చూచును. ఆ చూపునకు అతడు పెట్టిన పేరు దేవునిమీద భారము వేయుట. ఈ మాట తవక్కులునకు పండితులు కల్పించిన పర్యాయములన్నిటికంటె మేలైనది. వ్యాకరణమే సాక్షి. అరబ్బీలో తవక్కులుక్రియ 'మీద' అను అర్థము గల అలా అను అవ్యయమును కోరును, ఈమానుక్రియ 'చేత, తో' అను అర్థము గల బి అనుదానిని కోరును. తెలుగున దేవుని నమ్ముదుము, ద్వితీయ. దేవునిమీద భారము వేయుదుము. రెండు భాషలును ఎఱుగని పల్లెవాడు రెండు క్రియలకును రెండు విభక్తులు పాటించుచున్నాడు. నమ్మకమను నొక్కమాటతో రెంటిని కలిపివేసిన యనువాదకుడు ఆ భేదమును చెఱిపినవాడగును. శ్రీవైష్ణవుల భరన్యాసపదమును ఇదే యర్థమున పుట్టినదనుట జ్ఞాపకముంచుకొనవలయును.

ఒక్క లోపము మాత్రము కలదు. లోకమున దేవునిమీద భారము వేయుట కడపటి పని. వైద్యుడు పెదవి విఱిచిన పిదప, అప్పు పుట్టని పిదప, వేఱుదారి లేనప్పుడు ఈ మాట పలుకుదురు. గజాలీ మతమున అది మొదటి పని. విత్తుటకు ముందే, ఒంటెను కట్టుచున్న చేతిలోనే యుండవలసినది. పలుకుబడి సరిగ నున్నది, వాడుకవేళ తప్పినది. బోధకుడు దిద్దవలసినది ఈ వేళనే కాని మాటను కాదు.

పెనుకొండ బాబయ్యస్వామి కథను గూర్చియు ఇట నొక మాట చెప్పవలసియున్నది. బాబా ఫక్రుద్దీను పారసీకదేశమున సీస్తాను ప్రభువనియు, రాజ్యము విడిచి తిరుచిరాపల్లి నత్తరువలీని ఆశ్రయించెననియు, గురువు ఒక పుల్లనిచ్చి అది చిగిర్చినచోట నిలువుమనెననియు, పెనుకొండలో నాటగా చిగిర్చెననియు జనశ్రుతి. పిదప అచటి రాజు పరీక్షింపదలచి, ఆయనను దేవాలయపుగురువును సున్నపుమూటలలో కట్టి నీట వేయింపగా ఆయన యొక్కడే క్షేమముగ వెలువడెనని మఱియొక ఘట్టము. కథ చెప్పువారందఱును సున్నపుమూటవద్ద గొంతెత్తుదురు, పుల్లవద్ద తొందరపడుదురు. అది తలక్రిందులు. మూటకథ మహిమాకథ, ఏ మతమున చూచినను ఇట్టివి ప్రతిమతమువానిని ఓడించుటకే పుట్టును, వానివలన అంతరంగమునకు ఒరుగునది స్వల్పము. పుల్లకథ వేఱు. ఎచట చిగిర్చునో తెలియక, చిగిర్చునో లేదో తెలియక, ఎండుపుల్లను చేతబట్టి దినదినము నడచినవాని మనస్సెట్టిదో యూహించిన తవక్కులు తెలియును. రాజ్యము విడుచుట ఒకనాటి పని, నడచుట ప్రతిదినపు పని. మతభేదము లేక ఉరుసునకు వచ్చువారు ఆ దర్గాలో మ్రొక్కుకొనునప్పుడు వారి చేతిలో నున్నదియు ఎండుపుల్లయే.

తఖ్వాపదమునకు భయభక్తులని చెప్పుట వాడుక. వినుటకు ఇంపైన ద్వంద్వమే కాని ఇందు ధాత్వర్థము రాలేదు. వ-ఖ-య ధాతువునకు కాపాడుకొనుట యర్థము. ఖలీఫా ఉమరు ఈ పదార్థమును ప్రశ్నింపగా ఉబయ్ అను శిష్యుడు, ముండ్లత్రోవను నడచునపుడు నీవేమి చేయుదువని యెదురుప్రశ్న వేసెననియు, బట్ట నెత్తిపట్టుకొని జాగ్రత్తగ అడుగు వేయుదునని యుత్తరము రాగా, అదియే తఖ్వా యనెననియు వ్యాఖ్యాతలు వ్రాసిరి. తుమ్మముండ్లలో పంచె యెగగట్టి నడచువానిలో భయము కొంత యుండవచ్చును; కాని వానిని భీతుడని యెవ్వరందురు? మెలకువ యన్న మాట చాలును.

శీలవిషయము మిక్కిలి సారవంతమైనది. అరబ్బీలో ఖ-ల-ఖ ధాతువునుండి ఖల్ఖు, ఖులుఖు అని రెండు రూపములు. మొదటిది సృష్టింపబడిన బాహ్యాకారము, రెండవది లోని స్వరూపము, అనగా శీలము. ఒక్క హ్రస్వాచ్చు మాఱుటచే దేహము గుణమైనది. కన్నులకు కనబడు నందమునకు కన్ను, ముక్కు, నోరు అన్నియు కుదురవలసినట్లు లోని యందమునకును జ్ఞానము, క్రోధము, కామము అనువాని బలములు పరస్పరము కుదురవలెనని గజాలీ. ఆయన చెప్పిన లక్షణము ఇది: ఖులుఖనగా ఆత్మయందు నాటుకొన్న స్థితి, దానినుండి పనులు ఆలోచన లేకయే సులభముగ వెలువడవలయును. ఒకనాడు అక్కఱకై దానమిచ్చినవాడు దాత కాడు. కోపమును పండ్లు బిగించి యడచినవాడింకను శాంతుడు కాడు.

ఇది చదివిన వైయాకరణునకు అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ద్వితీయపాదములోని నూటముప్పదినాలుగవ సూత్రము స్ఫురింపకమానదు. కర్త్రర్థమున కొన్ని ప్రత్యయములు తచ్ఛీలుడు, తద్ధర్ముడు, తత్సాధుకారి అను మూడర్థములలో వచ్చునని పాణిని విధించెను. ఫలాపేక్ష లేక స్వభావముచేతనే పని చేయువాడు తచ్ఛీలుడు. స్వభావము లేకున్నను తన ధర్మమని చేయువాడు తద్ధర్ముడు. చేయుపనిని చక్కగ చేయువాడు తత్సాధుకారి. గజాలీ చెప్పిన ఖులుఖు తాచ్ఛీల్యమే. కురాను నలువదితొమ్మిదవ అధ్యాయమున ఎడారివారు కొందఱు తాము విశ్వసించితిమనగా, మీరు లోబడితిరి, విశ్వాసమింకను మీ హృదయములలో ప్రవేశింపలేదని వారికి సమాధానము. వారు తద్ధర్ములు, ఇస్లాము వారికి కలదు, ఈమాను కలుగవలసియున్నది. ఇక ఇహ్సాను హ-స-న ధాతుజము, చక్కగ చేయుట. దేవుని చూచుచున్నట్లే యారాధించుట యని జిబ్రయీలు హదీసున దానికి వివరణము. సాధుకారశబ్దమునకు అక్షరాలా సరిపోవుచున్నది.

సరిపోలికను ఇంతకంటె సాగదీయరాదు. పాణిని చెప్పినది ప్రత్యయార్థము. జూదరి యందును చోరునియందును తాచ్ఛీల్యమునకు అడ్డులేదు. ఖులుఖు సైతము దుష్టము కావచ్చునని గజాలీ యొప్పుకొనెను, కాని ఆయన గ్రంథమంతయు దానిని మార్చుట యెట్లన్న చింతతో నిండియున్నది. వ్యాకరణమునకు ఆ చింత లేదు. పైగా తచ్ఛీలునకు ఫలాపేక్ష లేదన్నపుడు నియ్యతు, అనగా సంకల్పము, ఎక్కడ నిలుచునను చిక్కు కలదు. పనులు సంకల్పమును బట్టియేనని చెప్పు హదీసును బుఖారీ తన సంగ్రహమునకు మొదట నుంచెను. తలపక చేసినదే శీలమైనచో, తలచి చేసినదే పుణ్యమెట్లగును? దీనికి సూఫీల యుత్తరము ఇఖ్లాసు. ఖ-ల-స అనగా కల్తీ తొలగి శుద్ధమగుట. సంకల్పము నశింపదు, దానిలోని కల్తీ నశించును. బస్రాయందలి రాబియా (మరణము 801) నరకభయమును స్వర్గాశయును రెండును విడిచి యారాధింపగోరెనను కథ ఇందుకే చెప్పుదురు. ఆమెకు ఫలాపేక్ష లేదు, సంకల్పము కలదు. కదిరిసీమ కటారుపల్లిలో సమాధి గల వేమన చిత్తశుద్ధిని గూర్చి చెప్పిన పద్యమును బడిపిల్లలు వల్లించుచున్నారు గనుక ఇఖ్లాసునకు చిత్తశుద్ధి యన్నచో వారికి క్రొత్తగ తోపదు. తెలంగాణమున నియ్యతుగల మనిషి యను వాడుక నేటికిని కలదు, సబూరనుమాట తెలుగువారందఱెఱుగుదురు. మసీదుశాఖనుండి ఈ రెండు మాత్రము ఎట్లో గడప దాటినవి.

నామమేదైన నేమి, భావము ప్రధానము కదా యని యొక యాక్షేపము రావచ్చును. శబ్దార్థములకు నిత్యసంబంధము చెప్పు శాస్త్రమును చదివినవారు ఈ మాట యనరాదు. కచేరిమాటలను భక్తిలోనికి తెచ్చిన నవ్వులపాలగునని మఱియొక యాక్షేపము; వకీలనగానే ఫీజు జ్ఞప్తికి వచ్చుననుట నిజమే. కాని తవక్కులునకు మొదటిమెట్టున దృష్టాంతమైనవాడు ఆ వకీలే. ఉమర్ అలీషాగారి మార్గమున వేదాంతపదము వచ్చి యీ కక్షిదారుని కనుమఱుగు చేయును, అనువాదకుల మార్గమున విశ్వాసపదము వచ్చి వానిని నమ్మకస్థుల గుంపులో కలిపివేయును. వకీలు, వకాల్తు, తవక్కులు అని మూడు మాటలను ఒక్క వరుసలో నల్లబల్లపై వ్రాసి చూపిన దూదేకుల బాలునకు గాని బ్రాహ్మణబాలునకు గాని వివరణముతో పనియుండదు.

తవక్కులుపదము తెలుగుసీమ సరిహద్దునకు వచ్చినదొక్కచోట కానవచ్చును. బెంగుళూరు కాటన్‌పేటలో తవక్కల్ మస్తాను అను ఫకీరు దర్గా యున్నది. తిగళులు జరుపు కరగయుత్సవమున ఊరేగింపు ఆ దర్గాకడ నిలిచి సాగుట ఆచారము. ద్రౌపదీదేవి కరగమును తలనెత్తుకొన్నవాడును, త్రోవ నిరుప్రక్కల నిలిచినవారును ఆ పేరును ఉచ్చరింతురు. వారికది సంజ్ఞాశబ్దము, డిత్థడవిత్థాదులవలె అర్థము కోరనిది. కరగము మోయువాడు దానిని చేతబట్టుకొనడు. అది తలమీద తూగుచుండగనే తెల్లవాఱువఱకు నడచును.